నిప్పు రాజేయడమంటే

మా చిన్నమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుతోంది. ఇంగ్లీషు మీడియం బడి. ప్రతి సోమవారము పది కొత్త ఇంగ్లీషు మాటలకు అర్థములు అప్పజెప్పాలి. పోయిన సంవత్సరము జనవరిలో ఒక శనివారము రాత్రి నేను మరునాటి ఆరాధనకు ప్రసంగము సిద్ధపరచుకొంటున్నాను. అమ్మాయి పుస్తకము పట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చింది.

"నాన్నా, కిండిల్ అనే మాటకి రెండర్థాలిచ్చారు. ఒకటి మంట వెలిగించడం. రెండోది మనసులో ఆశ, ఆసక్తి, ప్రేమ లాంటివి లేపడం. నిప్పుకీ మనసుకీ ఒకే మాటేంటి నాన్నా?"

నేను తల ఎత్తలేదు. "తెలుగులోనూ అంతేనమ్మా. రగిలించడం అని రాసుకో" అన్నాను. అది రాసుకొని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను సిద్ధపరచుకొంటున్న వాక్యభాగము ఏదో చెబితే మీరు నవ్వుతారు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయము ఆరవ వచనము. దేవుడు నీకిచ్చిన కృపావరమును ప్రజ్వలింపచేసుకో అని పౌలు భక్తుడు తన కుమారునివంటి తిమోతికి జ్ఞాపకము చేసిన మాట. నా బిడ్డ అడిగిన ప్రశ్నే నా యెదుట తెరచిన బైబిలులో ఉంది. అయినా నేను చూడలేదు.

ఆ దినములలో మా సంఘము చల్లగా ఉండేది. అనకాపల్లికి కొద్ది దూరములో ఉన్న పల్లెటూరి సంఘము మాది. అందరూ కష్టపడి బ్రతికేవారే. చెరకు కొట్టేవారు, కూలికి వెళ్ళేవారు, ఆటో నడిపేవారు. బుధవారము ప్రార్థనకు ఆరేడుగురు మించి వచ్చేవారు కారు. పాట ఎత్తుకుంటే అందుకొనేవారు లేరు. మంట లేకపోతే మంట పెట్టాలి కదా అనుకొన్నాను. ఆ ఆదివారము గొంతు పగిలేటట్లు ప్రసంగించాను. నులివెచ్చని లవొదికయ సంఘమును ఎత్తి చూపాను. అంతటితో ఆగితే బాగుండును. "ముందు వరుసలో కూర్చొనే పెద్దలే ప్రార్థనకు రాకపోతే ఇక పిల్లలేమి వస్తారు?" అన్నాను.

పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. చిన్న సంఘములో పేరు చెప్పకపోయినా తలలన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఆ పెద్దమనిషి తల వంచుకొని కూర్చొన్నారు. ఆయన భార్య ఆగస్టులో ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమము నేనే జరిగించాను. అప్పటినుండి ఆయన ఆదివారము మాత్రము వచ్చి, ఆశీర్వాదము కాగానే ఎవరితోను మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు. బుధవారము అసలే రావడము లేదు. ఎందుకు రావడము లేదని నేను ఆయనను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆరాధన అయ్యాక కొందరు యౌవనస్థులు "ఈ రోజు వర్తమానము అగ్నిలా ఉందయ్యగారూ" అన్నారు. నేను సంతోషపడ్డాను. మరుసటి ఆదివారము ఆయన రాలేదు. ఆయన తమ్ముని కుటుంబము రాలేదు. వారితో బంధుత్వమున్న ఇంకొక కుటుంబము కూడా రాలేదు. వారు వేరు కుంపటి పెట్టుకొంటారని ఊరిలో మాట పుట్టింది. నేను కోరిన మంట రాలేదు. కోరని మంట అంటుకొంది.

సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక తెల్లవారుజామున మా సంఘస్థురాలైన ఒక మామ్మ కూలి చేస్తున్న బెల్లం గానుగ దగ్గరకు వెళ్ళాను. ఆ ముందు రోజు ఆమె కుమారునికి జ్వరమని కబురు వచ్చింది. ప్రార్థన చేసి వద్దామని బయలుదేరాను.

అనకాపల్లి 2022లో జిల్లా కేంద్రమైంది గాని, మన ఊరి పేరు దేశమునకు తెలిసింది బెల్లముతోనే. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రము వెలసింది. ఈ మధ్య చెరకు తోటలు తగ్గిపోయాయి. గానుగలూ తగ్గాయి. అయినా చలికాలము వస్తే గాలిలో ఆ పాకము వాసన ఇంకా తగులుతుంది. బెల్లము వండడము మీలో చాలామంది ఎరిగినదే. చెరకు ఆడించి, రసమును వడగట్టి, పెద్ద పెనములో పోసి కాస్తారు. కొంచెము సున్నము వేస్తే మడ్డి పైకి తేలుతుంది. దానిని తీసివేస్తూ పాకము ముదిరేవరకు మరిగిస్తారు. వంటచెరకు కొనే పని లేదు. రసము పిండగా మిగిలిన పిప్పినే ఎండలో ఆరబెట్టి పొయ్యిలో వేస్తారు. పొయ్యి నోటి దగ్గర గోతిలో కూర్చొని ఆ పిప్పిని లోపలికి తోసేవారొకరు ఉంటారు. ఆ రోజులలో అది మా మామ్మ పని.

నేను వెళ్ళేసరికి మొదటి పెనము ఇంకా పొయ్యి మీదికి ఎక్కలేదు. చలి బాగా ఉంది. పొయ్యిలో బూడిద తప్ప మరేమీ కనబడలేదు. "మామ్మా, అగ్గిపెట్టె ఉందా? నేను ముట్టిస్తాను" అన్నాను. "అగ్గిపెట్టెందుకు బాబూ, నిప్పుంది" అంది. నాకు కనబడలేదు. రాత్రి చివరి పెనము దించాక ఒక చింతమొద్దు లోపలికి తోసి బూడిద కప్పి వెళ్ళారట. ఆమె ఒక పుల్లతో బూడిదను ప్రక్కకు తీసింది. అడుగున చింతగింజ అంత ఎర్రదనము కనబడింది.

సాయము చేద్దామని నేను చేతికి అందినంత పిప్పి తీసుకొని దాని మీద పడవేశాను. పొగ లేచింది. అంతే, ఎరుపు పోయింది. గట్టిగా ఊదాను. బూడిద లేచి నా కళ్ళలో పడింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మామ్మ నన్ను పక్కకు జరగమని చెప్పి పిప్పంతా వెనుకకు లాగేసింది.

"అయ్యగారూ, తమరు పొయ్యి ఎగదోస్తన్నారు. అదింకా రాజుకోనేదు. రాజుకున్న పొయ్యికే ఎగదోత. ముందు రాజెయ్యాల."

"ముట్టించడానికీ రాజెయ్యడానికీ ఏమిటి మామ్మా తేడా?" అన్నాను కళ్ళు తుడుచుకొంటూ.

"ముట్టించడమంటే నేని కాడ నిప్పెట్టడం. రాజెయ్యడమంటే ఉన్న నిప్పుని లేపడం. ఇది సచ్చిపోనేదు బాబూ, బూడిద కప్పుకొని పడుకుంది. లేపినప్పుడు దాని మీద బరువెట్టకూడదు. గట్టిగా ఊదకూడదు. గట్టిగా ఊదితే బూడిదొచ్చి మన కళ్ళల్లోనే పడతాది."

ఆమె ఎండిన తాటాకును సన్నగా చీల్చింది. రెండు చీలికలు ఆ ఎర్రదనము ప్రక్కన, దాని మీద కాదు, ప్రక్కన పెట్టింది. తల వంచి మెల్లగా ఊది ఆగింది. మరల ఊది ఆగింది. చాలాసేపటికి చిన్న నీలిమంట తాటాకు అంచున పాకింది. అప్పుడు నాలుగు పుల్లలు వేసింది. తరువాత గుప్పెడు పిప్పి. ఆ తరువాతే మోపు. పావుగంటలో ఆ పొయ్యి దగ్గర నిలబడలేకపోయాము.

ప్రార్థన చేసి ఇంటికి వచ్చాను గాని ఆ మాట నన్ను విడువలేదు. నిఘంటువు తీసి చూశాను. రాజు అంటే ఏలేవాడే కాదు. మండు, రగులుకొను అనే అర్థముగల వేరొక తెలుగు క్రియ కూడా ఉంది. దానిలోనుండే రాజుకొనుట, రాజేయుట వచ్చాయి. మా అమ్మ చలికాలములో కుంపటి రాజేసేది. అగ్గిపుల్ల ఖర్చు లేకుండా ప్రక్కింటినుండి పిడక మీద నిప్పు తెచ్చేది. చిన్నప్పుడు రోజూ విన్న మాటే. ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చాక ఆ మాట నా నోటినుండి జారిపోయింది. నా కుమార్తెకు దానిని నేను నేర్పనేలేదు.

నాకు గ్రీకు భాష అంతగా రాదు. వేదాంత కళాశాలలో డిప్లొమా చదివినప్పుడు అక్షరములు, కొన్ని మాటలు నేర్చుకొన్నాను. పాత నోటు పుస్తకము, పదకోశము తీసి పౌలు వాడిన మాటను వెదికాను. అనజోపురేఓ అని ఉంది. అందులో మూడు ముక్కలున్నాయి. అన అంటే మరల, జో అంటే బ్రతుకు, పుర్ అంటే నిప్పు. నిప్పును మరల బ్రతికించుట. లేని నిప్పు పెట్టుట కాదు. మా మామ్మ గోతిలో కూర్చొని చెప్పిన అర్థమే. క్రొత్త నిబంధనలో ఈ మాట ఆ ఒక్క వచనములోనే ఉంది.

మన తెలుగు బైబిలులో ప్రజ్వలింపచేయుట అన్న మాట వేశారు. గంభీరమైన మాట. ఆ వచనమునకు తగిన మాట. తప్పు మాటది కాదు. ఆ మాట వినగానే నాకు పెద్ద మంట ఒక్కటే కనబడింది, బూడిద అడుగునున్న నిప్పు కనబడలేదు. ఒక్కొక్క మాటకు తెలుగు వెదకిన ఆ తొలి సేవకులు కూడా గుర్తుకు వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు 1805లో మన విశాఖపట్నం వచ్చి, భాష నేర్చుకొని, సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయినది 1812లో. ఈనాడు మన చేతిలో ఉన్న అనువాదము తరువాతి వారి ప్రయాస. మొదలుపెట్టినవారు అచ్చు పుస్తకము చూడలేదు. అయినా ఆ నిప్పు ఆరలేదు, చేతులు మారింది.

అసలు పాఠము నాకు ఇంకొక చోట దొరికింది. క్రీస్తుకు ముందే యూదులు పాత నిబంధనను గ్రీకులోనికి తర్జుమా చేశారు. పౌలు ఎరిగిన గ్రంథమే అది. అందులో ఆదికాండము 45వ అధ్యాయము 27వ వచనములో ఇదే మాట ఉన్నది. ఎవరిని గూర్చి? యాకోబును గూర్చి. యోసేపు చనిపోయాడని సుమారు 22 సంవత్సరములు ఏడ్చిన తండ్రిని గూర్చి. కుమారులు వచ్చి, యోసేపు బ్రతికే ఉన్నాడు, ఐగుప్తును ఏలుచున్నాడు అని ఒక్కసారి చెప్పేసరికి ఆయన హృదయము మొద్దుబారిపోయింది, నమ్మలేకపోయాడు. అంత మంచి వార్త అయినా ఒక్కసారిగా మీద పడేసరికి మోయలేకపోయాడు. తరువాత వారు కూర్చొని యోసేపు చెప్పిన మాటలన్నీ చెప్పారు. తనకొరకు కుమారుడు పంపిన బండ్లను ఆయన కళ్ళతో చూశాడు. అప్పుడు ప్రాణము తెప్పరిల్లింది. తెప్పరిల్లుట అని మన బైబిలులో ఉన్నచోట గ్రీకులో ఉన్నది నిప్పు రాజుకొనుట.

ఆ రాత్రి నేను బల్ల మీద తల పెట్టుకొని చాలాసేపు ఉండిపోయాను. దుఃఖములో ఉన్న మనిషిని రాజేసినది గద్దింపు కాదు. ప్రేమగల మాటలు, కంటికి కనబడే బండ్లు. పౌలు కూడా అంతే కదా. ప్రజ్వలింపచేసుకో అనకముందే, నీ కన్నీళ్ళు నాకు జ్ఞాపకమున్నాయి అన్నాడు. అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరు పెట్టి తలంచాడు. ముందు బూడిద తీశాడు, తరువాతే ఊదాడు. నేనో? ఒక మనిషి కన్నీటి మీద మోపెడు పిప్పి పడవేసి, మంట ఎందుకు రాలేదని అరిచాను.

మన తెలుగులో పుల్లలు పెట్టుట అన్నా, ఎగదోయుట అన్నా పొయ్యి పనే. అవే మాటలను మనుష్యుల మధ్య తగవు రేపేవారికీ వాడుతాము. సామెతల గ్రంథకర్త కూడా 26వ అధ్యాయములో కట్టెలు లేకపోతే అగ్ని ఆరిపోవునట్లు కొండెగాడు లేకపోతే జగడము చల్లారునని తెలిపాడు. నిప్పుకు మంచి చెడు తెలియదు. భక్తి రాజుకొనేదీ ఊపిరితోనే, పగ రాజుకొనేదీ ఊపిరితోనే. బోధకుని నోటిలో ఉన్నదీ ఆ ఊపిరే. అది దేని మీద ఊదుతున్నాడో చూచుకోవాలి.

మరునాడు సాయంకాలము ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. బైబిలు చంకన పెట్టుకొని వెళ్ళలేదు. "బాబూ, ఆ ఆదివారము నేను తప్పు మాట్లాడాను. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, తానే బెల్లం టీ పెట్టి తెచ్చారు. ఇద్దరమూ తాగాము. చాలాసేపటికి ఆయనే అన్నారు.

"బుధవారం చాపలు వేసి దీపం పెట్టేది ఆవిడే గదా అయ్యగారూ. కిటికీ పక్కన కూర్చొనేది. ఆ చాప మీద ఇప్పుడు ఎవరో ఒకరు కూర్చుంటారు. తప్పు లేదు. కాని నాకు పాట రాదు. గొంతులో ఆగిపోతుంది. ఆదివారమంటే జనంలో కలిసిపోతాను. బుధవారం ఏడెనిమిదిమందిలో ఎక్కడ దాక్కోను?"

ఇరవై సంవత్సరములకు పైగా సేవ చేస్తున్నాను. ఆ కారణము నేను ఊహించలేదు. ఆయన ప్రభువును విడువలేదు. ఆమె కీర్తనల పుస్తకము తన తలగడ క్రింద ఉంది. ప్రతి తెల్లవారుజామున తెరచి, పాడకుండా చదువుకొంటున్నారట. బూడిద అడుగున నిప్పు ఉన్నది. నేను చల్లారిపోయాడని తీర్పు తీర్చిన మనిషి, నాకంటె నమ్మకముగా దానిని కాపాడుకొంటున్నాడు. మామ్మ కూడా రాత్రి బూడిద కప్పేది నిప్పును చంపడానికి కాదు కదా, తెల్లవారేదాకా నిలుపడానికే.

ఆ తరువాత ప్రతి బుధవారము ప్రార్థనకు ముందు ఆయన ఇంటికి వెళ్ళి పది నిమిషములు కూర్చొనేవాడిని. రమ్మని పిలువలేదు. ఒకసారి ఆమె కీర్తనల పుస్తకము చూపించారు. ఒకసారి ఆమె చేసే పులుసు సంగతి చెప్పి నవ్వారు. ఒకసారి ఏమీ మాట్లాడుకోలేదు. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు వచ్చి బయట వేపచెట్టు క్రింద నిలబడ్డారు. రెండు వారములైన తరువాత ఒక బుధవారము నేను వెళ్ళేసరికి మందిరములో చాపలు పరచి ఉన్నాయి. ఎవరు పరచారని నేను అడగలేదు. ఆయన తలుపు ప్రక్కన కూర్చొని ఉన్నారు.

అంతా చక్కబడిందని చెప్పలేను. ఆయన తమ్ముని కుటుంబము తిరిగి వచ్చింది. మూడవ కుటుంబము మాత్రము వేరొక సంఘమునకు వెళ్ళిపోయింది. దారిలో కనబడితే పలుకరించుకొంటాము. నా మాట పెట్టిన నిప్పు అక్కడ కాల్చినది కాల్చింది. ప్రభువు క్షమించాడని నమ్ముచున్నాను, కాని ఆ ఖాళీ చోటు చూచినప్పుడెల్లా నా నోటిని జ్ఞాపకము చేసికొంటాను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ ఇంటిలో కూడా ఇటువంటి ఒక మూల ఉండవచ్చు. ప్రార్థనకు రానని మొండికేసే కుమారుడు, మాట తగ్గించిన భర్త, మునుపటివలె పాడని కోడలు, మూలన మౌనముగా కూర్చొన్న ముసలి తండ్రి. చల్లారిపోయారని త్వరపడి తీర్మానించవద్దు. మకమకలాడే వత్తిని ఆర్పనివాడని మన ప్రభువును గూర్చి యెషయా ముందే చెప్పాడు. ముందుగా ఒక పుల్లతో మెల్లగా బూడిద తీసి చూడండి. నీకేమైంది అని ఒక్కసారి అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేదాకా ఆగండి. చిన్న తాటాకు చీలిక చాలు. కలిసి తాగిన టీ, పంచుకొన్న ఒక జ్ఞాపకము, చిన్న ప్రార్థన. మోపు తరువాత వేయవచ్చు. బలిపీఠము మీద అగ్ని ఆరిపోకూడదని లేవీయకాండము 6వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, యాజకునికి అప్పగించిన పని ఏమిటి? ప్రతి ఉదయమున బూడిద తీయడము, కట్టెలు వేయడము. గొప్ప పనులేమీ కావు. రోజూ చేయవలసిన పనులు.

ఆ రోజు మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆలస్యముగానైనా జవాబు చెప్పాను. తనను వెంటబెట్టుకొని గానుగకు వెళ్ళాను. మామ్మ దానికి బూడిద తీయడము, తాటాకు చీల్చడము చూపించింది. అమ్మాయి ఊదింది. మొదటిసారి బూడిద కళ్ళలో పడింది. మూడవసారికి రాజుకొంది.

"నిప్పుకీ మనసుకీ ఒకే మాట ఎందుకో తెలిసిందా అమ్మా?" అన్నాను.

"రెండూ ఊరికే మండవు నాన్నా, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి" అంది.

ఇంటికి వచ్చాక పుస్తకములో రగిలించు అనే మాట ప్రక్కన రాజేయు అని తెలుగులో వ్రాసుకొంది. నేను కూడా నా బైబిలు అంచున, ఆ వచనము ప్రక్కన, అదే మాట పెన్సిలుతో వ్రాసుకొన్నాను. ప్రసంగించుటకు ముందు ఒకసారి చూచుకొంటాను.